తక్‌పట్టీ లేని సరుకు

ఇరవై నాలుగేళ్లుగా చేసిన పనిని 250 మాటల్లో రాయమన్నారు. బిజినెస్ స్కూలు దరఖాస్తులో ఆ గడి మీద "మీరు చూపిన ప్రభావం" అని అచ్చేసి ఉంది. మూడు ఆదివారాలు దాని ముందు కూర్చున్నాను. నా పనిలో ప్రభావమంటే జరగాల్సిన నష్టం జరగకుండా పోవడం. బాయిలర్‌లో వేసే బొగ్గు టన్నుకు ఎంత తరుగు పోతోందో పట్టుకోవడం, రావాల్సిన బాకీ వచ్చేదాకా కంటిమీద కునుకు లేకపోవడం, బ్యాంకువాళ్లు వడ్డీ పావు శాతం ఎక్కువ వేసుకుంటే పాత ఒప్పందం కాగితం వెతికి తెచ్చి వాళ్ల బల్ల మీద పెట్టడం. తెగిన చెరువు గురించి పేపర్లో వస్తుంది. తెగని కట్ట గురించి ఎవరు రాస్తారు?

చెరువు మాట ఊరికే రాలేదు. మాది ధర్మసాగర్. కాజీపేట దాటి కొంచెం లోపలికి వస్తే మా ఊరు, ఊరి పక్కన చెరువు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు మా చెరువుకెక్కుతాయి, అక్కణ్నుంచి వరంగల్ నగరానికి తాగునీళ్లుగా పోతాయి. నగరంలో పొద్దున నల్లా తిప్పి బిందె పట్టుకునేవాళ్లలో ఎంతమందికి ధర్మసాగర్ గుర్తొస్తుందో నాకు తెలియదు. గుర్తురావాలని కూడా ఎవరూ అడగలేదు. చిరునామాలో జిల్లా పేరు ఐదేళ్లలో రెండుసార్లు మారింది, 2016లో వరంగల్ అర్బన్ అన్నారు, 2021లో హనుమకొండ అన్నారు. నేను మాత్రం అడిగినవాళ్లకు ఇప్పటికీ వరంగల్ అనే చెప్తాను.

మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణంలో గుమాస్తా. తెల్లవారుజామునే సైకిలు మీద కాజీపేట దాకా వెళ్లి, అక్కడ బస్సెక్కేవాడు. మిర్చి, పత్తి వచ్చే రోజుల్లో రాత్రి ఎప్పుడొస్తాడో చెప్పలేం. వచ్చాక కూడా అన్నం ముందు కూర్చోడు, ఎర్రబట్ట అట్ట వేసిన రోకడ పుస్తకం ముందు కూర్చుంటాడు. దుకాణంలో గల్లా కుదరక ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకున్న రోజులవి. పదకొండు రూపాయలు తేడా వచ్చిందని ఒకసారి రాత్రి ఒంటిగంట దాకా కందిలి పెట్టుకుని వెతికాడు. అమ్మ విసుక్కుంది. "పదకొండు రూపాయలు నేనిస్త, పండుకో." ఆయన తలెత్తలేదు. "నీ పదకొండు నాకెందుకే, ఆ పదకొండు యాడికి పోయిందో కావాలె."

ఆ వాక్యం నాకు ఇరవై నాలుగేళ్లు అన్నం పెట్టింది.

మార్కెట్ సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. పొద్దున జెండా పాట అవుతుంది. ఆ రోజు మంచి సరుకుకు పలికిన పై ధర అది. అందరికీ ఆ ధర రాదు. రాశి చూసి, తేమ చూసి, రంగు చూసి ఖరీదుదారు తగ్గించుకుంటూ పోతాడు. దడ్వాయి కాంటా వేస్తాడు, హమాలీలు మోస్తారు, చివరికి రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర, ఎంత పట్టుకున్నారు, చేతికి ఎంత వచ్చింది అంతా అందులో ఉండాలి. తక్‌పట్టీ లేని సరుకు మార్కెట్ లెక్కలో సరుకే కాదు, అది వచ్చిందనడానికి, పోయిందనడానికి ఆధారం లేదు. ఈ మాట బాపు వందసార్లు అని ఉంటాడు.

నేను ఊళ్లో తెలుగు మీడియంలో పదో తరగతి, హనుమకొండలో బీకాం చదివాను. తర్వాత పోస్టులో వచ్చే పుస్తకాలు ముందేసుకుని ఐసీడబ్ల్యూఏ, అంటే కాస్ట్ అకౌంటెన్సీ, కట్టాను. పరీక్షలకు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లేవాణ్ని, 132 కిలోమీటర్లు, దారి పొడుగునా ఒళ్లో పుస్తకం. పాసైన రోజు నుంచి ఈ రోజు దాకా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే, "అంటే సీఏ లాంటిదా?" పెళ్లిచూపుల్లో అడిగారు, బ్యాంకులో అడిగారు, కొత్తగా వచ్చిన ప్రతి హెచ్‌ఆర్ మేనేజర్ అడిగాడు. కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ 1944లో పుట్టింది, 1959లో పార్లమెంటు దానికి చట్టం చేసింది. 2012లో పాత పేరులోంచి 'వర్క్స్' అనే మాట తీసేశారు. పేరు మారితే విలువ పెరుగుతుందనుకున్నారేమో. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 'అకౌంటెంట్' అంటే చార్టర్డ్ అకౌంటెంట్ మాత్రమే. మేమూ ఆ మాటలోకి వస్తామని మావాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. ఒక బస్తా సిమెంటుకు ఎంత కరెంటు కాలిందో, ఒక మందుబిళ్ల వెనక ఎన్ని చేతులు పనిచేశాయో లెక్కగట్టేవాడు చట్టం కంట్లో అకౌంటెంట్ కాడు. ఇది నా సొంత గొడవలా వినిపిస్తే వినిపించనివ్వండి. కొంత సొంత గొడవే.

సిమెంటు ఫ్యాక్టరీలో మొదలుపెట్టి, మందుల కంపెనీలకు మారి, హైదరాబాద్‌లో ఫైనాన్స్ కంట్రోలర్‌ దాకా వచ్చాను. అక్కడ మెట్టు ఆగిపోయింది. ఏటేటా జరిగే సమీక్షలో ఒకే మాట: "మీరు నంబర్ల మనిషి. పైకి వెళ్లాలంటే స్ట్రాటజీ కావాలి." బిజినెస్ స్కూలుకు పంపండి, నేర్చుకుని వస్తాను అన్నాను. ఈ వయసులో కంపెనీ డబ్బు పెట్టడం కుదరదన్నారు. ఆ వాక్యం మర్యాదగానే అన్నారు, కాఫీ కూడా ఇచ్చారు. ఇంటి మీద అప్పు తీసుకుని 28 లక్షలు నేనే కట్టాను. పని చేస్తూనే శని, ఆదివారాలు చదివే కోర్సు. బడి పేరు చెప్పను, మీరు ఊహించుకునే ఆ పెద్ద పేరు మాత్రం కాదు.

తరగతిలో అందరూ నాకంటే పదేళ్లు, పదిహేనేళ్లు చిన్న. మంచి పిల్లలు, అన్నా అని పిలిచేవాళ్లు. పరీక్షకు ముందురోజు రాత్రి పదకొండింటికి ఫోను మోగేది. "అన్నా, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో తరుగుదలను మళ్లీ ఎందుకు కలుపుతారు?" నేను పడక గదిలోంచి బయటికి వచ్చి బాల్కనీలో నిలబడి చెప్పేవాణ్ని. ఎద్దు ఒక ఏడు ముసలిదైంది తమ్మీ, దాని విలువ తగ్గింది నిజమే, కానీ దానికోసం ఈ ఏడు నీ జేబులోంచి పైసా తీశావా? తియ్యలేదు. లాభంలోంచి తగ్గించావు, నగదులోంచి పోలేదు, అందుకని మళ్లీ కలుపుకో. అవతల నవ్వు వినిపించేది. "అన్నా, నువ్వు ప్రొఫెసర్ అయితే బాగుండు." తెల్లారి పరీక్షలో వాళ్లు రాసేవాళ్లు, ఇంగ్లిషులో చక్కగా. తరగతిలో మాట్లాడినదానికి వేరే మార్కులుండేవి. ఆ మార్కుల్లో నేనెప్పుడూ కింది నుంచి లెక్కపెట్టుకోవాల్సినవాణ్నే. అడిగిన ప్రశ్నకు నా తలలో జవాబు ముందే ఉంటుంది, తెలుగులో. దాన్ని అటు తిప్పేలోపు ముగ్గురు చెయ్యెత్తేస్తారు.

ఒక్కరోజు మాత్రం ముందుగా చెయ్యెత్తాను. దాని గురించే ఈ వ్యాసం రాస్తున్నానేమో కూడా.

ఆ రోజు పాఠం వర్కింగ్ క్యాపిటల్. ఆచార్యుడు బోర్డు మీద '2/10 నెట్ 30' అని రాశాడు. కొన్నవాడు ముప్పై రోజుల్లో డబ్బు కట్టాలి, పదో రోజులోపే కడితే నూటికి రెండు రూపాయలు తగ్గిస్తారు. ఆ తగ్గింపును వదులుకోవడమంటే ఇరవై రోజుల అప్పుకు రెండు రూపాయలు కట్టినట్టు. ఏడాదికి లెక్కేస్తే 37 శాతం దాటుతుంది. తరగతి ఉలిక్కిపడింది. చూడ్డానికి రెండే శాతం, కడుపులో 37! ఆయన ముఖంలో గారడీవాడి సంతోషం. నేను లేచి నిలబడ్డాను.

మా ఎనుమాములలో దీన్ని క్యాష్ కటింగ్ అంటారని చెప్పాను. రైతు సరుకు అమ్ముతాడు. ఖరీదుదారు అడ్తికి డబ్బు పదిహేను రోజులకు ఇస్తాడు. రైతుకు ఇవాళే కావాలి, ఎరువుల దుకాణంలో బాకీ ఉంది, కూలీలకు ఇవ్వాలి, బండి కిరాయి బయట ఆగి ఉంది. అడ్తి ఇవాళే ఇస్తాడు, నూటికి రెండు కోసుకుని. పదిహేను రోజులకు రెండు రూపాయలంటే ఏడాదికి దాదాపు 50 శాతం. పుస్తకంలో ఉన్నదీ ఇదే లెక్క, కాకపోతే పుస్తకంలో తగ్గింపు ఇచ్చేవాడు తనకు లాభమైతేనే ఇస్తాడు, వద్దనుకుంటే ఇవ్వడు. ఇక్కడ కోత పడేవాడికి వద్దనే వీలు లేదు. ఒకే లెక్క ఒకచోట ప్రోత్సాహం, ఒకచోట గొంతు మీద కత్తి. ఎవరి చేతిలో నిలబడగలిగే డబ్బుందన్నదే తేడా. మా బాపు ఈ కోతను రోకడలో రాసేవాడు, రాస్తూ రాస్తూ తిట్టుకునేవాడు.

ఇంగ్లిషులో తడబడుతూ చెప్పానని ఒప్పుకుంటాను. మూడు నిమిషాలు పట్టిందేమో. ఆచార్యుడు తల ఊపి, ఆసక్తికరమైన అనెక్‌డోట్, మళ్లీ దాని దగ్గరికి వద్దాం అన్నాడు. మళ్లీ రాలేదు. సెమిస్టర్ అయిపోయింది.

అనెక్‌డోట్! అమెరికాలో ఒక చెక్క బల్లల కంపెనీకి జరిగితే కేస్ స్టడీ, వరంగల్ మార్కెట్‌లో వేల మంది రైతులకు ఏటా జరిగితే పిట్టకథ. ఇందులో ఆచార్యుడి దుర్మార్గం లేదు, ఆయన మంచివాడే, నా పేరు కూడా సరిగ్గా పలికేవాడు. ఆయన చేతిలో ఉన్న సంచిలో ఆ కథకు అర లేదు, అంతే. కానీ నేను ఆ బడికి కట్టింది సంచికి మాత్రమే కాదు కదా. అనుభవం పదేళ్లకు తక్కువైతే సీటు ఇవ్వం అని వాళ్లే రాశారు. అనుభవాన్ని గేటు దగ్గర టికెట్టులా చింపి పారేసి, లోపల దాంతో పనిలేదంటే ఎట్లా?

ఇంకో పాఠం గురించి చెప్పకపోతే నా కడుపుమంట సగమే చెప్పినట్టు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ తన బోర్డుకు లేఖ రాశాడు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవు అని. తెలుగునాట ఆ రోజును మరిచిపోయిన లెక్కలమనిషి ఉండడు. మా ఆఫీసులో ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ అన్నానికి లేవలేదు. ఆ బోర్డులో ప్రపంచ ప్రసిద్ధ మేనేజ్‌మెంట్ ఆచార్యులున్నారు. బయటపెట్టింది వాళ్లు కారు, ఆడిటర్లు కారు, చేసినవాడే చెప్పుకున్నాడు. బ్యాంకుల నుంచి నేరుగా ధ్రువపత్రాలు తెప్పించుకునే పనిని సరిగ్గా చేయలేదని ఆ ఆడిట్ సంస్థను అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో తప్పుపట్టాయి.

మా కోర్సులో దీన్ని ఎథిక్స్ తరగతిలో రెండు గంటలు చెప్పారు. దురాశ గురించి, విలువల గురించి, నాయకత్వం గురించి బాగా మాట్లాడుకున్నారు. ఒకమ్మాయి గొంతు కూడా వణికింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నీతి లేనివాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. వాడున్నాడని తెలిసే కదా రోకడ పుస్తకం పుట్టింది! సత్యంలో తప్పిపోయింది నీతి ఒక్కటే కాదు, ఒక పని తప్పిపోయింది. 'బ్యాంకులో ఎంతుందో బ్యాంకునే అడుగు, కంపెనీవాడు తెచ్చిచ్చిన కాగితాన్ని నమ్మకు' అనే పని. దాన్ని బ్యాంక్ రికన్సిలియేషన్ అనండి, కన్ఫర్మేషన్ అనండి, గల్లా కుదర్చడం అనండి. మా అడ్తి దుకాణంలో పదో తరగతి తప్పినవాడు రోజూ చేసే పని. 5,040 కోట్లు దాని కిందినుంచి జారిపోయాయి. అలాంటి పనిని బిజినెస్ స్కూళ్లు చిన్నపని అంటాయి, కింది గదిలో ఉండాల్సిన పని అంటాయి. దాన్ని ఇరవై ఏళ్లు చేసినవాణ్ని నంబర్ల మనిషి అంటాయి. ఆ రోజు చెయ్యెత్తలేదు. ఎత్తి ఉండాల్సింది.

చివరి ప్రాజెక్టుకు ముల్కనూరు రాస్తానన్నాను. మా ఊరి నుంచి గంట ప్రయాణం. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పెట్టిన సహకార సంఘం అది. రైతుకు అప్పిచ్చేది సంఘమే, విత్తనం, ఎరువు ఇచ్చేది సంఘమే, పండిన వడ్లు కొనేదీ సంఘమే, మరాడించేదీ సంఘమే. అప్పు, అమ్మకం ఒకే చేతిలో ఉండడంతో వసూలు కోసం ఎవరింటి తలుపూ కొట్టనక్కర్లేదు. పంట డబ్బులోనే సర్దుకుంటుంది. దేశంలో ఎన్ని సహకార సంఘాలు బాకీలు రాక, రాజకీయాలు ఎక్కువై కూలిపోయాయో మనకు తెలుసు. ఇది నిలబడింది. ఆ నేల మీదే 2002లో ఆడవాళ్ల పాల డెయిరీ లేచింది, స్వకృషి పేరుతో పాలు అమ్ముతోంది. వీళ్లకు అండగా వరంగల్, కరీంనగర్ పల్లెల్లో పనిచేసిన కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ ఉంది. సహకార సంఘం మీద సర్కారు పెత్తనం పోవాలని వాళ్లు చేసిన పోరు వల్లే 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. క్రెడిట్ రిస్కు, గవర్నెన్సు, సప్లై చైను... బోర్డు మీద రాసిన మాటలన్నీ ఆ ఊళ్లో కాళ్లు చేతులతో తిరుగుతున్నాయి.

మా గైడు ఓపిగ్గా విన్నాడు. విని, ఇది స్కేల్ అవుతుందా అని అడిగాడు. అరవై ఏళ్లు దాటి నిలబడింది సార్ అన్నాను. నిలబడడం వేరు, పెరగడం వేరు అన్నాడు. నేను ఇంటింటికీ సరుకులు పంపే ఒక యాప్ మీద ప్రాజెక్టు చేశాను. మంచి గ్రేడే వచ్చింది. ప్రాజెక్టు పూర్తయిన ఏడాదికి ఆ యాప్ మూతపడింది. ఈ మాట చెప్పుకుని నేను కొంచెం సంతోషపడ్డాను, అది నా చిన్నబుద్ధి.

పని చేసినవాడి అనుభవాన్నే పాఠంగా చెయ్యడం కొత్త ఊహ కాదు, మన దగ్గర లేనిదీ కాదు. 1943లో షికాగో విశ్వవిద్యాలయం పనిలో ఉన్నవాళ్ల కోసం ఎంబీఏ పెట్టింది. మన హైదరాబాద్‌లో 1956లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పుట్టింది. ఇంగ్లండ్‌లోని హెన్లీ దానికి నమూనా, చోటు రాజ్‌భవన్ రోడ్డు పక్కన బెల్లా విస్టా. అక్కడ నడిచింది సిండికేట్ పద్ధతి. సర్కారు ఆఫీసరును, ప్రభుత్వ కంపెనీ మనిషిని, ప్రైవేటు మనిషిని ఒక చిన్న గుంపుగా కూర్చోబెట్టి, ఒకరి అనుభవం ఇంకొకరికి పాఠమయ్యేలా చూడడం. ఆచార్యుడు అందులో కాపలాదారు లాంటివాడు, కథానాయకుడు కాదు. ఆ ఇంటి ముందు నుంచి నేను ఇరవై ఏళ్లు ఆఫీసుకు వెళ్లొచ్చాను, గేటులోంచి చెట్లు మాత్రమే చూశాను. పైగా ఈ దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ కూడా మనదే. 1982లో జి. రాంరెడ్డి వైస్ ఛాన్సలర్‌గా మొదలైంది. ఇప్పుడు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. పొద్దంతా పనిచేసి రాత్రి చదువుకునేవాడు కూడా విద్యార్థేనని, తెలుగులో చదివినా చదువేనని చెప్పిన బడి అది. ఆయన్నే 1985లో ఢిల్లీ పిలిచి ఇగ్నోకు మొదటి వైస్ ఛాన్సలర్‌ను చేశారు. మా అడ్తి దుకాణాల్లో, మా పంచాయతీ ఆఫీసుల్లో ఆ డిగ్రీ పట్టుకున్నవాళ్లు నిండా ఉన్నారు. ఏ కార్పొరేట్ ఇంటర్వ్యూలోనైనా ఆ పేరు చెప్పి చూడండి. అవతలివాళ్ల పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఇదీ చెప్తాను. ఆ బడి నాకు ఏమీ ఇవ్వలేదనడం అబద్ధం. ఒక కంపెనీని కొనాలంటే దాని రేపటి నగదును ఇవాళ్టి ధరలోకి ఎట్లా తెచ్చుకోవాలో పద్ధతిగా నేర్చుకున్నాను. ఇన్నాళ్లూ లోపలి ఖర్చే చూసినవాణ్ని, బయటి పోటీని చూడ్డం మొదలుపెట్టాను. నలుగురి ముందు లేచి మాట్లాడే జంకు కొంత పోయింది. ఖర్చు లెక్క గట్టేవాణ్ని కాబట్టి గట్టి చూశాను. 28 లక్షల్లో ఓ పది లక్షల పాఠం నిజంగా వచ్చింది. మిగతా పద్దెనిమిది ఏ ఖాతాలో రాయాలో తేలలేదు.

కోర్సు అయిపోయిన నాలుగు నెలలకు మా కంపెనీలో సీఎఫ్‌ఓ కుర్చీ ఖాళీ అయింది. బయటి నుంచి ఒకాయన్ని తెచ్చారు, నాకంటే ఏడేళ్లు చిన్న. వచ్చిన మొదటి వారం నన్ను పిలిచి, మన వర్కింగ్ క్యాపిటల్ ఇంత బాగా ఎవరు పట్టి ఉంచారండీ అని అడిగాడు. మెచ్చుకోలుగానే అడిగాడు. ఆ ప్రశ్న ఇంతకుముందు అదే గదిలో ఎవరూ అడగలేదు.

నేనడిగేది పెద్దదేం కాదు. నలభై దాటినవాణ్ని తరగతిలో కూర్చోబెట్టుకుంటున్నారు కదా. మొదటి నెలలోనే అతను చేసిన పని నుంచి ఒక కేసు రాయించండి, అతని భాషలో రాసినా సరే. దాన్ని తరగతిలో చదవండి, దానికి మార్కులివ్వండి, బాగుంటే వచ్చే ఏటి పిల్లలకు పాఠంగా పెట్టండి. పదేళ్లలో ఎనుమాముల మీద, ముల్కనూరు మీద, సిరిసిల్ల మగ్గాల మీద, గుంటూరు మిర్చి గోదాముల మీద మీ దగ్గర ఒక అలమర నిండుతుంది. హార్వర్డ్ నుంచి కొనుక్కునే కేసుకు కట్టే రుసుము ఒకసారి లెక్కేసుకోండి. ఇక కంపెనీల పెద్దలకు... మీ అకౌంట్స్ గదిలో ఎప్పుడూ తలవంచుకుని కూర్చునే ఒక మనిషి ఉంటాడు. మీ కంపెనీలో ఏ తలుపు ఎందుకు మూసి ఉందో అతనికి తెలుసు. అతన్ని ఒకసారి బోర్డు గదిలోకి పిలిచి కూర్చోమనండి, కాఫీ ఇవ్వకపోయినా ఫరవాలేదు.

ఇట్లా అందరినీ అడుగుతున్న నేను, ఆఫీసరునయ్యాక మా బాపు రోకడ పుస్తకాన్ని ఒక్కసారైనా తెరిచి చూశానా? లేదు. ఎక్సెల్ వచ్చిన కొత్తలో ఆయన ముందు లాప్‌టాప్ పెట్టి, చూడు బాపూ, నీ రాత్రంతా పని ఇది ఒక్క నిమిషంలో చేస్తది అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఎర్ర అట్టల పుస్తకాలు అటక మీద ఎలకలు కొట్టాయి, నాకు పట్టలేదు. ముల్కనూరు ప్రాజెక్టు అనుకున్న రోజుల్లో క్యాష్ కటింగ్ పాత లెక్కలు కావాల్సివచ్చినప్పుడు మాత్రం నిచ్చెన వేసుకుని ఎక్కాను. రెండు పుస్తకాలు మిగిలాయి. వాటిలో అంచులు కొరికినా అంకెలు చెదరలేదు. ప్రతి పేజీ అడుగున గీత గీసి, 'కుదిరింది' అని రాసి ఉంది.

పట్టా తీసుకున్న వారం ఊరికి వెళ్లాను. బాపుకు ఎనభై దగ్గరపడుతోంది. వాకిట్లో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెరువు మీదుగా గాలి వస్తోంది.

"అయిపోయిందా బిడ్డా సదువు?"

"అయిపోయింది బాపూ."

"ఏం నేర్పిన్రు?"

ఏం చెప్పాలో తోచక, "క్యాష్ కటింగ్ లెక్క చెప్పిన్రు. నూటికి రెండంటే ఏడాదికి ఎంతైతదో" అన్నాను.

"గది నీకు ఎర్కేగదా."

"ఎర్కే."

"మరి ఎంత తీసుకున్నరు?"

సగమే చెప్పాను. ఆయన నా ముఖం చూశాడు. గల్లాలో తేడా వచ్చినప్పుడు దుకాణం పిల్లవాణ్ని చూసే చూపు అది. ఇంకేం అడగలేదు. చెయ్యి చాపి, "తక్‌పట్టీ ఇచ్చిన్రా, చూపియ్" అన్నాడు.

సంచిలోంచి పట్టా తీసి ఇచ్చాను. మందపాటి కాగితం, బంగారు రంగు ముద్ర. కళ్లద్దాలు పెట్టుకుని వెలుతురుకు పట్టి చూశాడు. నా పేరు మీద వేలు ఆనించి కదిపాడు, కింద సంతకాల దాకా వచ్చాడు, వెనక్కి తిప్పి చూశాడు, మళ్లీ ముందుకు తిప్పాడు.

"ఇండ్ల తూకం రాయలేదేంది?" అన్నాడు.